పెళ్ళిచూపులకు కంటి లెన్సులు!

మాఘమాసం వచ్చిందంటే గుంటూరు, పల్నాడు జిల్లాల పల్లెల్లో రెండు సందళ్ళు ఒకేసారి మొదలవుతాయి. కల్లాల్లో మిరపకాయలు ఆరబోయడం ఒకటి, పెళ్ళిళ్ళ హడావుడి మరొకటి. ఇప్పుడు మూడవది కూడా చేరింది. పెళ్ళికావలసిన ఆడపిల్లకు కళ్ళజోడు ఉంటే దానిని బీరువాలో దాచిపెట్టి, కాంటాక్టు లెన్సులు పెట్టించి చూపులకు కూర్చోబెట్టడం!

అబ్బాయి సోడాబుడ్డి అద్దాలతో వచ్చినా 'బాగా చదువుకున్న కుర్రవాడు' అని మెచ్చుకునే పెద్దలే, అమ్మాయి ముక్కుమీద జోడు కనబడితే కట్నం మాట మళ్ళీ మొదటికి తెస్తారు. కనుక తల్లిదండ్రుల భయాన్ని తప్పుపట్టలేము. ఆ భయంతో కొంటున్న వస్తువు ఎటువంటిదో తెలుసుకోకపోవడం మాత్రం తప్పే.

లెన్సు అంటే నల్లగుడ్డును అంటిపెట్టుకుని ఉండే పలచని ప్లాస్టిక్ బిళ్ళ. నల్లగుడ్డు పైపొరకు రక్తనాళాలు లేవు. ప్రాణవాయువును అది చాలామటుకు గాలినుంచే తీసుకుంటుంది. బిళ్ళ వంపు సరిపడకపోయినా, నిద్రలో కూడా తీయకపోయినా కంటికి గాలి ఆడదు. అందుచేత కళ్ళజోడు చీటీ చూపించి లెన్సు కొంటే సరిపోదు. కంటి వంపు కొలవాలి. పవరు మళ్ళీ లెక్కకట్టాలి. ఎక్కువ పవరున్న వారికి జోడు పవరూ లెన్సు పవరూ ఒకటి కావు. కన్నీరు చాలినంత ఉన్నదీ లేనిదీ చూడాలి. పెట్టుకోవడం, తీసుకోవడం అక్కడే రెండు మూడుసార్లు చేయించి నేర్పాలి. పట్నంలో ఫ్యాన్సీ షాపుల్లో గాజులు, బొట్టుబిళ్ళల పక్కన అమ్మే రంగు లెన్సులకు ఇవేవీ లేవు. పవరు లేకపోయినా అవీ కంట్లో పెట్టేవే కదా!

ఇక పల్లెలో మిరప ఘాటు ఉండనే ఉన్నది. కాయలు ఏరిన చేతికి అంటిన ఘాటు నూనెలో కరిగేదే గాని వట్టి నీళ్ళకు పోదు. సబ్బుతో కడిగినా గోళ్ళ సందుల్లో మిగులుతుంది. ఆ వేలితో బిళ్ళ పట్టుకుంటే ఘాటు కాస్తా బిళ్ళతోపాటు కంట్లోకి చేరుతుంది. వరి నూర్పిళ్ళ దుమ్ము, పత్తి నూగు, కట్టెలపొయ్యి పొగ సరేసరి. కళ్ళజోడయితే దుమ్ముకు కాస్త అడ్డయినా పడుతుంది.

నీళ్ళ సంగతి ఇంకా ప్రమాదం. బోరు నీరు, కుళాయి నీరు, కాచి చల్లార్చిన నీరు, చివరకు క్యాను నీరు కూడా లెన్సుకు తగలరాదు. నీటిలో అకాంతమీబా అనే కంటికి కనిపించని జీవి ఉండవచ్చు. అది నల్లగుడ్డులో చేరితే నెలల తరబడి వైద్యం చేయించినా చూపు దక్కుతుందన్న భరోసా లేదు. కాబట్టి సొల్యూషన్ సీసా ఖర్చు కూడా లెన్సు ఖర్చులో కలుపుకోవాలి. డబ్బీలో పాతది ఏరోజుకారోజు పారబోసి కొత్తది పోయాలి. డబ్బీని మూడు నెలలకొకసారి మార్చాలి.

పెళ్ళినాటి సంగతి చూడండి. సాయంత్రం అలంకరణకు వచ్చిన మనిషి రంగు లెన్సులు పెడుతుంది. ముహూర్తం రాత్రి రెండు గంటలకు. హోమం పొగ, మీదపడే తలంబ్రాలు, వీడియో లైట్లు, పైగా నిద్రలేమి. తెల్లవారి అప్పగింతలలో పిల్ల కళ్ళు ఎర్రబడితే ఏడ్చిందనే అనుకుంటారు గాని లెన్సు మీదికి ఎవరి మనసు పోతుంది? అత్తవారింట జోడు తీస్తే గుట్టు బయటపడుతుంది. ఆ భయంతో కొత్తకోడలు బిళ్ళలతోనే నిద్రపోతే కంట్లో పుండు పడే ప్రమాదం అనేక రెట్లు పెరుగుతుంది.

ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, మసక, వీటిలో ఏది కనిపించినా లెన్సు తీసివేసి అదేరోజు కంటి డాక్టరు వద్దకు పోవాలి. తీసిన బిళ్ళనూ డబ్బీనీ వెంట తీసుకుపోవాలి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు పోయరాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడు ఉంటే పుండు మరింత ముదరవచ్చు. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉన్నది. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉన్నది.

లెన్సులు పనికిరావని కాదు. నల్లగుడ్డు ముందుకు పొడుచుకువచ్చే జబ్బున్నవారికి, రెండు కళ్ళ పవరులో చాలా తేడా ఉన్నవారికి జోడుకంటె లెన్సే మేలు. శుభ్రంగా వాడుకోగల పిల్ల తన ఇష్టంతో పెట్టుకుంటే కాదనేవారెవరు? ఆమె సంచిలోనూ జోడు ఉండాలి. చూపులనాడు మాత్రం జోడుతోనే కూర్చోబెడితే, వద్దనేవారు కాఫీ పలహారాల ఖర్చుతోనే పోతారు. ఫ్యాన్సీ షాపుల్లో పరీక్ష లేకుండా అమ్మే రంగు లెన్సుల సంగతిని ఔషధ తనిఖీ అధికారులు ముహూర్తాలు మొదలు కాకముందే చూడవలసి ఉంది.