నాలుగు అరచేతులు

పోయిన నవంబరులో ఒక శనివారం పొద్దున్నే మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, అమ్మకి చెప్పనంటే ఒక మాట చెప్తాను" అన్నాడు. ఇలా మొదలయ్యే మాటలు వాడి చిన్నప్పట్నించీ వింటున్నాను కనుక, ముందు "నీకేం కాలేదుగా?" అని అడిగాను.

వాడికేం కాలేదు. కారు మాత్రం బొంగరంలా ఒక చుట్టు తిరిగి, వెనక చక్రం రోడ్డు పక్క గట్టుకి కొట్టుకుని ఆగిందట.

"రోడ్డు మీద మంచు చుక్క లేదు మామయ్యా. పొడిగానే ఉంది. స్పీడు కూడా లేదు. సిగ్నల్ దగ్గర ఎడమకి తిరుగుతూ కొంచెం గ్యాస్ ఇచ్చానంతే."

ఆ 'కొంచెం' దగ్గరే ఉంది కథంతా. కారు 2018 మస్టాంగ్ జీటీ. అయిదు లీటర్ల వీ8 ఇంజను, 460 హార్స్ పవర్. వీడు ఒంగోల్లో నడిపింది మా బావగారి స్విఫ్ట్, దాని బలం ఎనభై పైచిలుకు. మస్టాంగ్ తయారయ్యే ఫ్లాట్ రాక్ ఫ్యాక్టరీని ఇంత దగ్గర్లో పెట్టుకుని వేరే కారు కొనడమేమిటని వాడి వాదన. ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌కి వాణ్ణి తీసుకెళ్లి ఆ పిచ్చి ఎక్కించింది నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

వెళ్లి చూశాను. ఒక చక్రం అంచు వంగింది. అది సరే, నా కళ్లు టైర్ల మీదికి పోయాయి. ముందు రెండూ కారుతో వచ్చినవే, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు ఎప్పుడు తయారైందో చెప్తాయి. 0518 అని ఉంటే 2018లో 5వ వారమన్నమాట. అంటే ఆరేళ్లు దాటిపోయాయి. వెనక రెండూ వేరే. కొలత సరైనదే, కానీ పాత యజమాని అమ్మే ముందు చవగ్గా దొరికినవేవో వేయించేశాడు. ఈ కారుకి బలమంతా వెనక చక్రాల్లోంచే పోతుంది గనక అవే ముందు అరుగుతాయి. ముందువి 255, వెనకవి 275 వెడల్పు కాబట్టి అటువి ఇటు మార్చడానికీ లేదు. అమ్మేవాడు డబ్బు మిగుల్చుకునేది అక్కడే.

పట్టు ముందు ఎక్కువా వెనక తక్కువా ఉంటే ఏమవుతుందో వీడు చూశాడు. ముక్కు చెప్పిన మాట వింటుంది, తోక వినదు.

పైగా నాలుగూ సమ్మర్ టైర్లు. ఈ పేరు ఒంగోల్లో పెరిగినవాడికి ఎలా తెలుస్తుంది? అక్కడ టైరు కొట్టులో అడిగేది రెండే ప్రశ్నలు, ఎంత, ఎన్ని కిలోమీటర్లొస్తుంది అని. ఇక్కడ మూడోది అడగాలి: ఎంత చలి వరకూ?

వాడికి కొబ్బరినూనె సీసా గుర్తు చేశాను. ఎండాకాలం పలచగా పారుతుంది, చలికాలం అక్క దాన్ని వేణ్ణీళ్లలో పెట్టేది. రబ్బరు అలా పారదుగానీ, చలికి బిగుసుకుపోయే గుణం మాత్రం ఉంది. రోడ్డు గరుకులోకి మెత్తగా ఒదిగితేనే పట్టు. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 45 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన 7 డిగ్రీలు దాటి దిగితే ఆ పని సరిగ్గా చెయ్యదు. ఆ పొద్దున 34. 20కి దిగువన అయితే నడపడం అటుంచి, కదిపినా రబ్బరు పగుళ్లివ్వొచ్చు. దీనికి తోడు ప్రతి పది డిగ్రీల చలికీ గాలి దాదాపు ఒక పౌండు తగ్గుతుంది. వీడు ఎండాకాలం తర్వాత గాలి చూసుకోలేదు.

"ట్రాక్షన్ కంట్రోల్ ఉందిగా?" అన్నాడు. ఉంది. కానీ అది ఉన్న పట్టును పంచుతుంది, లేనిదాన్ని పుట్టించదు. అంత కారూ, అంత ఇంజనూ, రోడ్డుని తాకేది నాలుగు చోట్లే, ఒక్కో చోటా ఇంచుమించు అరచేయంత. 460 గుర్రాలైనా ఆ నాలుగు అరచేతుల మీదే నిలబడాలి.

ఇక ఏం కొనాలి? వాడు ఆల్ సీజన్ టైర్లు చాలన్నాడు. మిషెలిన్‌లోనే పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4 ఉంది, దానికి 45,000 మైళ్ల వారంటీ, 4ఎస్‌కి 30,000. డాలస్‌లోనో షార్లెట్‌లోనో ఉంటే నేనూ అదే కొనమనేవాణ్ణి. మిషిగన్ జనవరిలో, వెనక చక్రాలతో నడిచే ఈ బండికి నా మనసొప్పలేదు. బయల్దేరడం ఒక ఎత్తయితే ఆగడం ఇంకో ఎత్తు. కాబట్టి రెండు జతలు. చలికి మూడు శిఖరాల మధ్య మంచు పువ్వు గుర్తున్న వింటర్ టైర్లు, విడిగా చక్రాలకి బిగించినవి. ఎండలకి కొత్త 4ఎస్‌లు, నాలుగూ ఒకే రకం.

వింటర్ జతకి చిన్న చక్రాలు తీసుకుంటే టైరు గోడ ఎత్తు పెరిగి, మార్చి నెల గుంతలకి తట్టుకుంటుందని నా ఆశ. వెనక 275/40 అంటే గోడ పదకొండు సెంటీమీటర్లే మరి. కానీ ముందు ఆరు పిస్టన్ల బ్రెంబో బ్రేకులున్నాయి, చక్రం చిన్నదైతే వాటికి తగలొచ్చు. 19 అంగుళాలకే కట్టుబడి, నాలుగూ 255 వేయించాం. ఒకటే కొలత కనక అటువి ఇటు మార్చుకోవచ్చు. చక్రాలతో కలిపి వాడి రెండు నెలల అద్దె దాటింది. బిల్లు చూసి ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత "స్విఫ్ట్ నయం" అన్నాడు.

వాడి అపార్ట్‌మెంట్లో రెండో జత పెట్టే చోటు లేదు, బాల్కనీలో పెడితే ఆ చలికి పాడవుతాయి. మా ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో పెట్టించాను. ఏప్రిల్లో ఒకసారి, నవంబరులో ఒకసారి వాడు రాక తప్పదు.

ఈ ఏప్రిల్లో వాడు జాకీ కింద తల పెట్టి ఉండగా అక్క వీడియో కాల్ చేసింది. "ఏంట్రా, వాడు పొద్దున్నే నీ దగ్గరికొచ్చాడు?"

"కారు చక్రాలు మార్చుకోడానికి."

"బాగున్న కారుకి చక్రాలు మార్చడమెందుకు?"

ఫోను వాడి చేతికిచ్చి, టీ పెట్టే నెపంతో లోపలికొచ్చేశాను.