చూర్ణానికి ముందు పరీక్ష

"కల్లు ముట్ట, సారా తాగ. నా కార్జానికి కొవ్వెట్ల వట్టింది సారూ?" కొన్నేండ్ల క్రితం హుస్నాబాద్‌లోని నా వైద్యశాలకు వచ్చిన ఒక దుకాణదారుడు అడిగిన ప్రశ్న ఇది. పొట్ట ముందుకు వచ్చిన మనిషి, ఎనిమిదేండ్లుగా మధుమేహి. చేతిలోని స్కానింగ్ కాగితంపై 'గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్' అని ఉన్నది. "ఈ రోజుల్లో ఇది అందరికీ ఉండేదే" అని ధైర్యం చెప్పి, నేల ఉసిరి, గుంటగలగర చూర్ణాలు ఇచ్చి పంపితిని. రెండేండ్ల తరువాత ఆయన కాళ్ళ వాపుతో, నీరు నిండిన పొట్టతో తిరిగి వచ్చాడు. కాలేయం అప్పటికే గట్టిపడి పోయింది. ఆ పొరపాటు నాది. మరొక వైద్యుడు, మరొక రోగి దానిని చేయకుండుటకే ఈ నాలుగు మాటలు.

నేను గ్రహించని విషయం ఒక్కటే. గ్రేడ్ అనేది కొవ్వు ఎంత చేరిందో చెప్పునే గాని, కాలేయంలో మచ్చలు ఎంత ఏర్పడినవో చెప్పదు. ప్రాణం తీసేది ఆ మచ్చలే. ఎంజైములు మామూలుగా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

మచ్చల అంచనాకు ఖరీదైన యంత్రం మొదటనే అక్కరలేదు. వయస్సును ఎ.ఎస్.టి. అంకెతో గుణించి, వచ్చిన దానిని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఎ.ఎల్.టి. వర్గమూలముల లబ్ధంతో భాగించవలెను. దీనినే ఫిబ్-4 అందురు. ఉదాహరణకు వయస్సు 52, ఎ.ఎస్.టి. 60, ఎ.ఎల్.టి. 49, ప్లేట్‌లెట్లు లక్షా యాభై వేలు అయితే 2.97 వచ్చును. 1.3 లోపు ఉంటే భయం తక్కువ. 65 ఏండ్లు దాటినవారికి ఆ హద్దు 2. అంతకు మించితే ఫైబ్రోస్కాన్ చేయించవలెను. 2.67 దాటితే కాలేయ నిపుణుని వద్దకు తప్పక పంపవలెను. 35 ఏండ్ల లోపువారికి ఈ లెక్క నమ్మదగినది కాదు. జ్వరంతో ప్లేట్‌లెట్లు పడిపోయిన వేళ చేసిన లెక్కా తప్పుదారి పట్టించును.

ఇది మన శాస్త్రమా అని కొందరు మిత్రులు ఆక్షేపింతురు. దర్శన, స్పర్శన, ప్రశ్నలను పరీక్షగా చెప్పిన శాస్త్రం మనది. నడుముకు టేపు చుట్టి చూచుట స్పర్శనమే కదా! పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలెను. ఆశా కార్యకర్తల ఫారంలో ఈ కొలత ఉండనే ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఈ వ్యాధిని జాతీయ అసాంక్రామిక వ్యాధుల కార్యక్రమంలో చేర్చింది. 2023లో అంతర్జాతీయ నిపుణులు దీని పేరునే మార్చి, జీవక్రియ లోపంతో ముడిపెట్టినారు. అతిభోజనం, పగటినిద్ర, వ్యాయామం లేకపోవుట స్థౌల్యానికి హేతువులని చరకుడు సూత్రస్థానంలో ఏనాడో చెప్పినాడు.

మరి చికిత్స? బరువులో నూటికి 5 వంతులు తగ్గితే కొవ్వు కరుగును. 7 నుండి 10 వంతులు తగ్గితే వాపు శమించును. మూడు పూటలా తెల్లన్నం మాని, ఒక పూటైనా మన పెద్దల జొన్న గట్కకు మరలండి. తీపి పానీయాలు విడువండి. ఎల్లమ్మ చెరువు కట్టపై ప్రతిదినం చెమట పట్టేటట్లు నడవండి.

చివరిగా ఒక హెచ్చరిక. కరోనా కాలంలో తిప్పతీగను వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు 2021లో ప్రకటించినారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదు. ఆ వాదం ఎటు తేలినా, కాలేయం ఏ స్థితిలో ఉన్నదో తెలియకుండ మూలిక ఇవ్వరాదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇప్పుడు నా బల్లపై కల్వం పక్కనే టేపు ఉంటున్నది. చూర్ణం పొట్లం కట్టేది దానితో కొలిచి, రక్తపరీక్ష చూచిన తరువాతనే.