రాని రోగానికి వైద్యం

ఆరోగ్యమే మహాభాగ్యమన్న మాట మనకు చిన్ననాటినుండి పరిచితమే. ఆ భాగ్యాన్ని పోగొట్టుకొన్న తరువాత తిరిగి సంపాదించుకొనే మార్గాలు చెప్పేవారు నేడు చాలామంది ఉన్నారు. పట్టణాలలో వీథికొక ఆసుపత్రి కనిపిస్తున్నది. అయితే, ఉన్న భాగ్యాన్ని పోకుండా కాపాడవలసిన బాధ్యత ఎవరిది అని అడిగితే మాత్రం సూటి సమాధానం దొరకదు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వటం మొదలుపెట్టినట్లు, రోగం ముదిరిన తరువాతనే మనం వైద్యుని తలచుకొంటాం. ఈ అలవాటును మార్చగలిగిన శక్తి ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయాలకు ఉన్నది. ఆ శక్తిని అవి ఇంకా పూర్తిగా వినియోగించలేదన్నది నా అభిప్రాయం.

నేను వైద్యుడను కాను. ప్రాచీన సాహిత్యం చదువుకొని, తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడిని. కాబట్టి నా మాటను నాకు తెలిసిన చోటునుండే ప్రారంభిస్తాను. చరక సంహితలో విమానస్థానం మూడవ అధ్యాయం జనపదోద్ధ్వంసాన్ని గురించి చెబుతుంది. ఊళ్లకు ఊళ్లు ఒకే వ్యాధివల్ల నశించటం జనపదోద్ధ్వంసం. పాంచాల దేశంలోని కాంపిల్య నగరం చెంత, గంగాతీరాన, పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో కలిసి వనంలో సంచరిస్తూ ఉంటాడు. ప్రకృతిలో కొన్ని వికారాలు ఆయనకు కనిపిస్తాయి. నేల సారం కోల్పోకముందే ఓషధులను సేకరించి ఉంచుకోవాలని, ఆపద వచ్చిపడ్డాక వాటికి గుణం ఉండదని శిష్యుడైన అగ్నివేశునికి చెబుతాడు.

అగ్నివేశునికి సందేహం కలుగుతుంది. మనుషుల శరీరతత్త్వాలు వేరు, ఆహారం వేరు, వయస్సు వేరు. అటువంటప్పుడు అందరికీ ఒకేసారి ఒకే వ్యాధి ఎట్లా వస్తుంది? గురువు సమాధానం నేటికీ ఆలోచింపదగినది. మనుషులు వేరైనా, వారందరికీ ఉమ్మడిగా ఉన్నవి నాలుగు: గాలి, నీరు, నేల, కాలం. అవి చెడితే ఊరంతా చెడుతుంది. ఆ నాలుగూ చెడటానికి మూలం అధర్మమని, అందులో పాలకుల అధర్మానికీ పాలు ఉన్నదని కూడా ఆయన వివరిస్తాడు.

ఆ గ్రంథంలోని చికిత్సలన్నీ నేటికీ పనికివస్తాయని నేను అనటం లేదు. అయితే ఆ పాఠం జరిగిన చోటును గమనించండి. గురుశిష్యులు రోగి మంచం పక్కన లేరు. ఊరి వెలుపల నేలను, నీటిని చూస్తూ నడుస్తున్నారు. రోగం రాకముందే దానిని గురించి మాట్లాడుకొంటున్నారు. మన వైద్యవిద్య ఆ నడకను మరచిపోయింది.

మరచిపోయిందని గుర్తుచేసినవారు లేకపోలేదు. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1946లో తన నివేదికను సమర్పించింది. వైద్యుడు కేవలం మందులిచ్చేవాడుగా ఉండరాదని, సమాజాన్ని రోగాలనుండి కాపాడే సామాజిక వైద్యుడు కావాలని, అందుకు విద్యార్థులకు మూడు నెలల ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని ఆ సంఘం సూచించింది. 1977లో ప్రారంభమైన మరొక పథకం ప్రకారం, దేశంలోని ప్రతి వైద్య కళాశాల మూడు సమితుల ప్రజల ఆరోగ్య బాధ్యతను వహించవలసి ఉండినది. ఆశయం గొప్పదే అయినా ఆ పథకం ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేదు. మళ్లీ 2022లో జాతీయ వైద్య కమిషన్, వైద్య విద్యార్థి మొదటి సంవత్సరంనుండే పల్లెలోని కొన్ని కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనిస్తూ ఉండాలని నిర్దేశించింది. అంటే, ఒకే మాటను మూడు తరాలుగా చెప్పుకొంటున్నాం. ఆలోచనకు కొరత లేదు. దానిని నిలబెట్టే సంస్థకే కొరత.

ఆ సంస్థ విశ్వవిద్యాలయమే కావాలి. 1986లో విజయవాడలో ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఈ తరహా విశ్వవిద్యాలయాలలో అది మొదటివాటిలో ఒకటి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత వరంగల్లులో కాళోజీ నారాయణరావు పేరిట మరొకటి వెలసింది. వైద్యం, దంతవైద్యం, నర్సింగు, ఆయుర్వేదం, హోమియో వంటి అనేక శాఖల కళాశాలలు వీటి కిందికి వస్తాయి. ఇన్ని శాఖలు ఒకే గొడుగు కింద ఉండటం సామాన్యమైన బలం కాదు. కాని ప్రవేశాలు, అనుబంధ గుర్తింపులు, పరీక్షలు, పట్టాలు అన్న పనులలోనే ఆ బలం చాలావరకు ఖర్చయిపోతున్నది.

రోగ నివారణలో ఆలస్యం ఎంత ఖరీదైనదో తెలుసుకోవటానికి మనం దూరం పోనక్కరలేదు. 1937లో, అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రజ్ఞులు గుర్తించి ప్రకటించారు. తాగేనీటిలో ఫ్లోరైడు మోతాదు మించితే పండ్లు గారపడతాయి. ఏండ్లు గడిచేకొద్దీ ఎముకలు బిగుసుకొని నడుము వంగిపోతుంది. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు నేటికీ లేదు. కాని ఆ వ్యాధి రాకుండా చేసే మందు అందరికీ తెలిసినదే. అది మంచినీరు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు నిర్ణయించింది. పటిక, సున్నం కలిపి నీటినుండి ఫ్లోరైడును తొలగించే ఒక పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అయినా ఆ జిల్లా పల్లెలు నది నీటికోసం దశాబ్దాలు ఎదురుచూశాయి. కారణం తెలిసిన నాటికి, నీరు అందిన నాటికి మధ్య ఎన్ని నడుములు వంగిపోయాయో గదా! ఆ దశాబ్దాలలో ఏటేటా ప్రతి ఊరి నీటిని పరీక్షించి, పిల్లల పండ్లను పరిశీలించి, ఆ లెక్కలను ప్రభుత్వం ముందు, ప్రజల ముందు ఉంచే విశ్వవిద్యాలయం ఒకటి ఉండి ఉంటే ఆ నిరీక్షణ కొంతైనా తగ్గేదని నా విశ్వాసం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కథ వేరు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో కనులపండువుగా ఉండే ఆ ప్రాంతంలో వ్యవసాయ కూలీలు ఎందరో మూత్రపిండాల వ్యాధికి గురవుతున్నారు. మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా ఆ వ్యాధి వస్తున్నది. శ్రీలంకలోను, మధ్య అమెరికా దేశాలలోను ఇటువంటి వ్యాధినే గుర్తించారు. నీరా, ఎండలో చేసే కఠిన శ్రమా, పురుగుమందులా, వీటన్నిటి కలయికా అన్నది నేటికీ నిశ్చయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఇది సంతోషించదగిన విషయమే. కాని కారణం తెలియాలంటే ఆరోగ్యంగా ఉన్నవారిని ఏండ్ల తరబడి అనుసరించి చూడాలి. వారు తాగే నీరు, తినే తిండి, చేసే పని, నివసించే చోటు అన్నిటినీ నమోదు చేయాలి. రోగితోనే పరిచయమున్న ఆసుపత్రి ఈ పని చేయలేదు. ప్రతి ఏటా కొత్త విద్యార్థులు వచ్చే విశ్వవిద్యాలయం మాత్రమే ఒక తరం చేతినుండి మరొక తరం చేతికి ఈ పుస్తకాన్ని అందించగలదు.

పరిశోధన ఊళ్లోకి వెళితే ఏమి సాధించగలదో మన హైదరాబాదే చూపింది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ నేటి జాతీయ పోషకాహార సంస్థ. విటమిన్ ఎ లోపంవల్ల పసిపిల్లల కండ్లు పోతున్న రోజులలో, ఆరు నెలలకొకసారి ఆ విటమిన్‌ను అధిక మోతాదులో నోటిద్వారా ఇస్తే చూపును కాపాడవచ్చునని ఈ సంస్థ పరిశోధన సూచించింది. 1970లో అది జాతీయ కార్యక్రమంగా రూపొందింది. చూపు పోయిన కంటికి చికిత్స వెదకటం ఒక విద్య. చూపు పోకుండా ఒక చెంచాడు ద్రవంతో కాపాడటం అంతకంటె గొప్ప విద్య.

ఇక, విశ్వవిద్యాలయాలు చేయదగినవేమిటి? మొదటిది, ప్రతి వైద్య కళాశాలకు ఒక మండలాన్ని శాశ్వతంగా అప్పగించటం. ఒక్కరోజు శిబిరం పెట్టి, ఫొటోలు దిగి తిరిగివచ్చే పద్ధతి చాలదు. ఆ మండలంలో ఈ ఏడు ఎందరికి విరేచనాలు పట్టుకొన్నాయి, ఎందరు గర్భిణులకు రక్తహీనత ఉన్నది, ఏ బావి నీరు చెడింది అన్న నివేదికను కళాశాల ఏటా ప్రకటించాలి. ఆశా కార్యకర్తలు, నర్సులు, ఆయుర్వేద, దంతవైద్య విద్యార్థులు అందరూ ఆ పనిలో భాగస్వాములు కావాలి.

రెండవది, పరీక్షలో మార్పు. విద్యార్థి దేనికి మార్కులు వస్తాయో దానినే చదువుతాడు. ఇది ముప్పై ఏండ్లుగా పాఠాలు చెబుతున్న నా అనుభవం. ప్రయోగ పరీక్షలో రోగిని చూపి రోగమేమిటని అడిగినట్లే, ఒక వీథిని చూపి ఇక్కడ రాబోయే రోగమేమిటని ఎందుకు అడుగరాదు?

మూడవది, భాష. ఇది నా వృత్తికి సంబంధించినది. కొన్నేండ్ల క్రితం మా అమ్మగారికి రక్తపోటు హెచ్చి ఆసుపత్రిలో ఉంచవలసివచ్చింది. ఇంటికి పంపేటప్పుడు ఆంగ్లంలో ముద్రించిన కాగితం ఒకటి ఇచ్చి, ఉప్పు తగ్గించమని నోటితో చెప్పారు. ఆమె శ్రద్ధగా కూరలో ఉప్పు మానేశారు. చప్పటి కూర నోటికి హితవుగా లేక ముద్దముద్దకూ ఆవకాయ నంజుకొన్నారు. మజ్జిగలోకి అప్పడాలు వేయించుకొన్నారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే ఆసుపత్రి. ఆమె దృష్టిలో ఉప్పు అంటే ఉప్పుజాడీలోనిదే. ఊరగాయలో, అప్పడంలో ఉన్నది కూడా ఉప్పేనని ఆమెకు చెప్పవలసిన మాట ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఉన్న నేనూ చెప్పలేదు. ఆ తప్పులో నా పాలు తక్కువది కాదు. కాబట్టి ప్రతి ఆరోగ్య విశ్వవిద్యాలయంలో ఒక తెలుగు విభాగం ఉండాలని కోరుతున్నాను. అది కఠిన పారిభాషిక పదాలను సృష్టించటానికి కాదు. ఉత్తరాంధ్రకు, రాయలసీమకు, తెలంగాణకు వారి వారి పలుకుబడిలో, వారి వంటయింటికి సరిపోయే ఆరోగ్య పాఠాలు తయారుచేయటానికి.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఉన్న రోగులకే వైద్యులు చాలనప్పుడు, వారిని మురుగుకాలువలు చూడటానికి పంపటం ఎట్లా అని కొందరంటారు. సమంజసమైన ప్రశ్నే. కాని మూత్రపిండాలు పూర్తిగా చెడిన వ్యక్తికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగు గంటలవంతున, జీవితాంతం రక్తశుద్ధి అవసరం. ఆ కూలీ పని పోతుంది. తోడువచ్చే భార్య కూలీ కూడా పోతుంది. నివారణను వాయిదా వేసేకొద్దీ రోగుల వరుస పొడవవుతుందే గాని తగ్గదు. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ విజృంభించినప్పుడు, పడకలెన్ని ఉన్నా చాలని స్థితి ఎట్లా ఉంటుందో మనమందరం చూశాం.

మంచినీటి గొట్టాలు వేయటం, మురుగును తొలగించటం ప్రభుత్వాల పని. విశ్వవిద్యాలయానిది కాదు అన్నది రెండవ ఆక్షేపణ. నిజమే. అయితే ఏ ఊరికి గొట్టం ముందు కావాలో ఆధారాలతో చెప్పటం విశ్వవిద్యాలయం పనే. చెప్పిన మాట పాలకులకు రుచించకపోయినా ప్రకటించగల స్వేచ్ఛ దానికి ఉండాలి. పాలకుల అధర్మాన్ని కూడా శిష్యునికి దాచక చెప్పిన ఆత్రేయుడు ఈ విషయంలో మనకు ఆదర్శం.

రోగం తగ్గించిన వైద్యునికి మనం చేతులెత్తి నమస్కరిస్తాం. రాని రోగానికి కృతజ్ఞత చెప్పేవారుండరు. కాబట్టే ఈ పనికి పేరు రాదు, ధనం రాదు. దానిని ఎవరో ఒక వ్యక్తి త్యాగబుద్ధికి వదిలిపెట్టరాదు. సంస్థే దానిని తన ధర్మంగా స్వీకరించాలి. మీలో జీవశాస్త్రం చదివేవారు కొందరు రేపు ఈ విశ్వవిద్యాలయాలలో అడుగుపెడతారు. తక్కినవారు ఉపాధ్యాయులో, ఇంజినీర్లో, గ్రామ సర్పంచులో అవుతారు. ఎవరైనా, ఈ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు మీ ఊరి గాలిని, నీటిని, నేలను ఒకసారి పరికించి చూడండి. గంగాతీరాన ఆ గురుశిష్యులు చేసిన పని అదే.