మ్యాపు చదివే చదువు

జాగ్రఫీతో డిగ్రీ అనగానే ఇంట్లో వినిపించే మాట ఒకటే... ‘బీఈడీ చేసి టీచరవ్వాలి, ఇంకేముంది?’ టీచరు ఉద్యోగం మంచిదే. అయితే, దారి అదొక్కటే కాదు. నెల్లూరు తీరం వెంట ఓసారి చూడండి, ఈ చదువుకి ఎన్ని పనులున్నాయో తెలుస్తుంది.

వేటకెళ్లే పడవ సంగతే తీసుకోండి. చేపల కోసం వెతుక్కుంటూ తిరిగితే డీజిలు ఖర్చే మిగులుతుంది. అందుకే హైదరాబాద్‌లోని ‘ఇన్‌కాయిస్‌’ ఉపగ్రహాల సాయంతో సముద్రపు పైనీటి వేడినీ పచ్చదనాన్నీ లెక్కగడుతుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో చేపలు దొరకొచ్చో మత్స్యకారులకు తెలుగులోనే చెబుతుంది. 2004 నాటి సునామీ తర్వాత ఏర్పాటై, 2007 నుంచి పనిచేస్తున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఉన్నదీ అక్కడే.

ఇక రొయ్యల చెరువులు. తీరంలో ఎక్కడపడితే అక్కడ తవ్వడానికి వీల్లేదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో చట్టమూ వచ్చింది. సముద్రపు పోటు ఎంతవరకూ వస్తుందో చూపే గీత ఇక్కడ కీలకం. మ్యాపులో ఆ గీత తప్పు పడితే ఓ రైతు పెట్టుబడి చిక్కుల్లో పడుతుంది, లేదా పక్క ఊరి మంచినీళ్లు ఉప్పుబారతాయి. తుపాన్ల సంగతీ అంతే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును పెద్దవాళ్లు మరిచిపోలేదు. ఏ ఊరు పల్లంలో ఉంది, ఏ రోడ్డు ముందు మునుగుతుంది, జనాన్ని ఎటు తరలించాలి... ఇవన్నీ జాగ్రఫీ ప్రశ్నలే.

మరి ఏం నేర్చుకోవాలి? మొదటిది జీఐఎస్‌, అంటే మ్యాపునీ సమాచారాన్నీ కంప్యూటర్లో కలిపి చూడటం. రెండోది రిమోట్‌ సెన్సింగ్‌. రాకెట్‌ శ్రీహరికోటలో ఎగిరితే, ఉపగ్రహాలు తీసిన చిత్రాలు షాద్‌నగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రానికి చేరతాయి. వాటిని చదవగలిగేవాళ్లు కావాలి. వీటికి తోడు కాస్త స్టాటిస్టిక్స్‌, కొద్దిగా ప్రోగ్రామింగ్‌, ఊళ్లో తిరిగి వివరాలు సేకరించే ఓపిక ఉండాలి.

వీటికోసం వేలకు వేలు ఫీజులు కట్టే ముందు ఆలోచించండి. క్యూజీఐఎస్‌ సాఫ్ట్‌వేర్‌ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఐఐఆర్‌ఎస్‌ ఉచితంగా ఆన్‌లైన్‌ కోర్సులు నడుపుతోంది. ఇస్రో ‘భువన్‌’ వెబ్‌సైట్‌ 2009 నుంచీ ఉంది. మీ మండలంలో చెరువులు, కాలవలు ఇరవై ఏళ్లలో ఎలా మారాయో మీరే ఓ మ్యాపు తయారుచేయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ కన్నా అది ఎక్కువ మాట్లాడుతుంది.

2021 ఫిబ్రవరిలో కేంద్రం మ్యాపుల తయారీపై ఆంక్షలు సడలించాక ప్రైవేటు కంపెనీలకూ దారి తెరుచుకుంది. పీజీ చేయాలనుకుంటే తిరుపతి ఎస్వీ, విశాఖ ఆంధ్రా, హైదరాబాద్‌ ఉస్మానియా వర్సిటీల్లో జాగ్రఫీ విభాగాలున్నాయి. లెక్చరర్‌ కావాలంటే యూజీసీ నెట్‌ రాయొచ్చు. సివిల్స్‌లో జాగ్రఫీ ఆప్షనల్‌ ఎలాగూ ఉంది.

ఒక్క విషయం మాత్రం తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. ఈ రంగంలో తొలి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నంతకాలం ఉండే కాంట్రాక్టు కొలువులే. మంచి పోస్టులకు పీజీ అడుగుతారు. కాబట్టి ఆ రెండు మూడేళ్లూ పిల్లలకి ఇంటి అండ కావాలి. చదువు పూర్తయ్యాక కాదు, డిగ్రీ రెండో ఏడాదిలోనే సాధన మొదలుపెట్టించండి.