ముందు అటక మీది క్యాసెట్లు, ఆ తర్వాతే 4కె డిస్కులు

ముంబైలోని నాగ్‌పాడా, కామాఠీపురా సందుల్లో ఏ ఇద్దరు కలిసినా ఇప్పుడు మాట పునర్నిర్మాణం మీదికే పోతోంది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా ద్వారా ఇక్కడి శిథిల భవనాలను కూల్చి, పాత అద్దెదారులకు 500 చదరపు అడుగుల ఇళ్లు ఇవ్వాలన్నది ప్రతిపాదన. మన తెలుగువాళ్లు తరాలుగా బతికిన వర్లీ బీడీడీ చాళ్లలో ఆ పని ముందే మొదలైంది. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలకు తాళం చెవులు అందాయి. ఇల్లు మారడమంటే సామాను తగ్గించుకోవడమే. అటక దించితే ఇత్తడి బిందెల వెనక నుంచి వీడియో క్యాసెట్లు, వీసీడీ కవర్లు, డీవీడీ డబ్బాలు బయటపడతాయి. కొత్త హాల్లో పెద్ద 4కె టీవీ పెట్టాలన్న ఆశ ఎలాగూ ఉంటుంది. అందుకే ఉన్న సినిమాలన్నీ బ్లూ-రేలోనో 4కె డిస్కులోనో మళ్లీ కొనాలా, పాతవి భంగార్‌వాలాకు ఇచ్చేయాలా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో వస్తోంది. కొన్న సినిమాల విషయంలో నా జవాబు చాలావరకు ‘వద్దు’ అనే. కానీ అదే అటక మీద డబ్బు పెట్టి తీరాల్సిన సరుకు వేరే ఉంది. దాని మీద మాత్రం ఎవరి దృష్టీ పడటం లేదు.

ఫార్మాట్ మారిన ప్రతిసారీ బొమ్మ ఒకే స్థాయిలో మెరుగుపడలేదు. జేవీసీ కంపెనీ 1976లో తెచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్టులో అడ్డంగా 240 గీతల వివరం నిలిస్తే గొప్ప. 1993 నాటి వీసీడీ 352 బై 288 చుక్కలది. ఒక డిస్కులో 74 నిమిషాలే పట్టేవి కాబట్టి మన సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు కావలసి వచ్చేవి. వీసీడీ చవక, తిప్పితే అరగదు, అంతకుమించి మంచి క్యాసెట్టు కన్నా దాని గొప్పతనం ఏమీ లేదు. 1996లో వచ్చిన డీవీడీ 720 బై 576 చుక్కలతో అసలైన ముందడుగు వేసింది. 2006లో బ్లూ-రే దాన్ని 1920 బై 1080కి, 2016లో 4కె డిస్కు 3840 బై 2160కి పెంచాయి. అంకెలు ఇలా పెరుగుతూ పోయినా మనిషి కన్ను అలాగే ఉంది. మామూలు చూపున్న మనిషి 32 అంగుళాల టీవీకి సుమారు నాలుగడుగులు దాటి కూర్చుంటే 1080 గీతల బొమ్మలోని చుక్కలనే విడదీసి చూడలేడు. 43 అంగుళాల టీవీకి ఆ దూరం ఐదున్నర అడుగులు, 55 అంగుళాలకు ఏడడుగులు. అంతకన్నా వెనక కూర్చున్నవాడికి 4కె అదనంగా ఇచ్చే చుక్కలు ఉన్నా లేనట్టే. చాల్ గదిలోనైనా, రేపటి ఫ్లాటు హాల్లోనైనా గోడకు టీవీ, ఎదుటి గోడకు దివాన్ వేస్తే మధ్య దూరం ఆరేడు అడుగులకు తగ్గదు. కాబట్టి డీవీడీ నుంచి బ్లూ-రేకు మారితే తేడా ఆ గదిలో తెలుస్తుంది. బ్లూ-రే నుంచి 4కెకు మారితే చుక్కల లెక్కలో చాలామందికి తెలియదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు తెర అవతల ఉంది. డిస్కు ఒక పాత్ర మాత్రమే, అందులో పోసిందే వస్తుంది. సినిమాను దేని నుంచి ఎక్కించారు? 35 ఎంఎం నెగటివ్ బాగుంటే దాదాపు 4కెకు సరిపడా వివరం అందులో దాగి ఉంటుంది. కానీ మన పాత తెలుగు సినిమాల డిస్కులు ఎక్కువగా నెగటివ్ నుంచి రాలేదు. ఎప్పుడో టీవీ కోసం అరిగిన ప్రింటు నుంచి టేపుకు దించిన దాన్నే వీసీడీకి, తర్వాత డీవీడీకి మార్చి అమ్మారు. అదే టేపును రేపు ఎవరైనా బ్లూ-రేలో పోసి అమ్మినా మీకు దొరికేది ఖరీదైన డబ్బాలో పాత బొమ్మే. ‘మూడు సినిమాలు ఒకే డీవీడీలో’ అని అమ్మినవి ఇంకా అన్యాయం. 4.7 గిగాబైట్ల డిస్కులో ఏడున్నర గంటల బొమ్మ కుక్కితే సెకనుకు ఒకటిన్నర మెగాబిట్ కూడా దక్కదు. పేరుకు డీవీడీ, నాణ్యతకు వీసీడీ. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మి కూలీనాలీ ఇళ్లకు కూడా సినిమాల సేకరణ అలవాటు చేసింది. ఆ ధరకు అది న్యాయమైన బేరమే. ఇవాళ వేల రూపాయలు అడిగే డిస్కును మాత్రం వేరే గీటురాయి మీద పరీక్షించాలి. కొత్త సినిమాలకూ ఈ పరీక్ష తప్పదు. డిజిటల్ కెమెరాతో తీసి, 2కె స్థాయిలోనే తుది మెరుగులు పూర్తిచేసిన సినిమాలు 2010 తర్వాత కోకొల్లలు. వాటి 4కె డిస్కు సాగదీసిన 2కె అంతే.

మార్చుకోదగ్గవి అసలు లేవనడం లేదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం. అలాంటి వెడల్పాటి బొమ్మను పాత చదరపు టీవీలో నిండా నింపితే పక్కలు కోసుకుపోయి నూటికి నలభై వంతులకు పైగా మాయమవుతుంది. నెగటివ్ నుంచి పూర్తి వెడల్పుతో మళ్లీ స్కాన్ చేసిన ప్రతి దొరికితే ఆ పోయిన బొమ్మ తిరిగి వచ్చినట్టే, నేనైతే అక్కడ వెనకాడను. ‘శివ’ 2025 నవంబరులో 4కెలో థియేటర్లకు వచ్చింది. అక్కినేని శతజయంతికి 2024 సెప్టెంబరులో ముంబైకి చెందిన ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, పుణే ఫిల్మ్ ఆర్కైవ్ కలిసి ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ వంటివి దేశమంతా ప్రదర్శించాయి. మూలానికి తిరిగి వెళ్లి పని చేసిన ఇలాంటి ప్రతులు డిస్కులుగా వస్తే వాటికి డబ్బు పెట్టవచ్చు. కొత్తది వచ్చిందని పాతది పారేయడం మాత్రం కుదరదు. 2010లో రంగులద్దిన ‘మాయాబజార్’ విడుదలైనప్పుడు అసలు సినిమాలోని కొన్ని పాటలు, దృశ్యాలు తగ్గించారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే నలుపు తెలుపుల్లో పండించిన వెన్నెల సంగతి వేరే చెప్పాలా? పాత డీవీడీ దాచుకున్నవాళ్ల దగ్గర నిండు సినిమా భద్రంగా ఉంది.

దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. 4కె అంటే చుక్కలు మాత్రమే కాదు, హెచ్‌డీఆర్ రంగులు, వెలుగునీడలు ఎంత దూరం నుంచైనా తెలుస్తాయి కదా అన్నది మొదటిది. ఒప్పుకోవాల్సిన మాటే. అయితే ఆ వెలుగు చూపగల టీవీ కావాలి, ఆ సినిమాకు నిపుణులు కూర్చుని కొత్తగా రంగులు సరిచేసి ఉండాలి. పాత తెలుగు సినిమాల్లో అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టాలి. అన్నీ ఓటీటీలోనూ యూట్యూబులోనూ ఉన్నాయి, డిస్కులెందుకు అన్నది రెండోది. నెట్‌ఫ్లిక్స్ తన ఫుల్ హెచ్‌డీ బొమ్మకు సెకనుకు 5 మెగాబిట్ల ఇంటర్నెట్ చాలంటుంది. బ్లూ-రే డిస్కు అవసరమైతే 40 దాకా వాడుకుంటుంది. పైగా హక్కుల గడువు తీరగానే సినిమా ఏ చడీచప్పుడూ లేకుండా మాయమవుతుంది. అలాగని కొత్త ప్లేయరు మీద పెట్టుబడి పెట్టమనీ చెప్పలేను. శామ్‌సంగ్ 2019లో, ఎల్‌జీ 2024 చివర్లో ఆ వ్యాపారం నుంచి తప్పుకున్నాయి. ఉన్న డిస్కులు ఉంచుకోండి, నడుస్తున్న ప్లేయరును కాపాడుకోండి, కొత్తగా కొనేది ఏరి కొనండి. సినిమాల మటుకు ఇంతే.

ఇక అటక మీది రెండో సరుకు సంగతి. పెళ్లి క్యాసెట్లు, సీమంతం, చెవులు కుట్టించిన రోజు, చాల్ ఆవరణలో ఆడిన బతుకమ్మ, మార్కండేయ జయంతి ఊరేగింపు. వీటిని చోర్ బజార్లో వెతికినా, లామింగ్టన్ రోడ్డులో అడిగినా రెండో ప్రతి దొరకదు. సినిమాలకే దిక్కు లేని చోట వీటికి ఎవరున్నారు? తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి ఇదే బొంబాయిలో తీశారు. 1932లో అది మొదట ఆడిందీ ఈ ఊళ్లోనే. ఇవాళ దాని ప్రతి ఒక్కటీ లేదు. కంపెనీ, పంపిణీదారులు, పలు ప్రింట్లు ఉన్న సినిమాకే ఆ గతి పట్టినప్పుడు ఒంటరి క్యాసెట్టు ఎన్నాళ్లు ఆగుతుంది? అయస్కాంత టేపు మీది పూత ముంబై వానాకాలపు చెమ్మకు జిగురెక్కుతుంది, తెల్లటి బూజు పడుతుంది. టేపు బాగున్నా ఆడించే యంత్రం దొరకడం కష్టం. వీసీఆర్ తయారు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. టేపుల మీదున్న సరుకును 2025 లోపు డిజిటల్‌లోకి మార్చకపోతే చాలావరకు శాశ్వతంగా పోతుందని అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ ఆర్కైవుల సంఘం, యునెస్కో కలిసి 2019లోనే హెచ్చరించాయి. ఆ గడువు దాటిపోయింది.

మూడు గంటల పెళ్లి వీడియో ఎవరు చూస్తారు, మా పిల్లలకే విసుగు అనేవాళ్లున్నారు. నిజమే, పువ్వుల్లోంచి వధూవరులు తేలివచ్చే ఆ మిక్సింగును వరసగా చూడమని ఎవరినీ బలవంతపెట్టనక్కర్లేదు. అయినా అందులో పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ యాసలో మరాఠీ, బంబయ్యా హిందీ కలిపి మాట్లాడిన మొదటి తరం గొంతులున్నాయి. మరాఠీ, ఇంగ్లీషు బడుల్లో చదివిన మనవలకు ఆ మాట రాదు. ఫోటోలో గొంతు ఉండదు. వెనకాల కనిపించే నడవా, నీళ్ల పంపు దగ్గరి వరస, కొయ్య మెట్లు భవనం కూలాక మరెక్కడా కనబడవు. కామాఠీపురా అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది వేశ్యావాటిక ఒక్కటే, సినిమాలు కూడా దాన్నే చూపిస్తాయి. రాళ్లెత్తిన కామాఠీ కూలీల ఊరుగా, కాపురాల ఊరుగా దాన్ని పట్టుకున్నవి ఈ ఇంటి క్యాసెట్లే.

ఇక్కడా మూలం సూత్రం వర్తిస్తుంది. 240 గీతల బొమ్మను 4కె చేస్తామనే దుకాణాల మాట నమ్మనక్కర్లేదు. కృత్రిమ మేధతో పదును పెడితే లేని కనుబొమ్మలు మొలుస్తాయి, తాతయ్య ముఖం ఇంకెవరిదో అవుతుంది. సరదాకు అలాంటి ప్రతి విడిగా చేయించుకోవచ్చు, అసలును మాత్రం ఉన్నదున్నట్టుగా, పై నుంచి కిందికి ఉండే 576 గీతలతోనే ఎక్కించుకోవాలి. డీవీ పద్ధతిలో గంటకు సుమారు 13 గిగాబైట్లు పడుతుంది. మూడు గంటల క్యాసెట్లు పాతిక ఒక టెరాబైట్ హార్డ్ డిస్కులో ఇముడుతాయి. వాట్సాప్‌లో పంపుకున్నది ప్రతి కిందికి రాదు. హార్డ్ డిస్కులు రెండు ఉండాలి, ఒకటి ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంటే మేలు. ఇరవై ఏళ్ల కిందటే స్టూడియోలో డీవీడీ చేయించాం అనుకునేవాళ్లూ నిశ్చింతగా ఉండరాదు. ఇంట్లో, స్టూడియోల్లో రాసే డిస్కుల్లోని రంగు పొర కాలంతో వెలిసిపోతుంది. వాటిని ఈ వారమే తీసి ఆడించి చూడండి, క్యాసెట్టు ఉంటే పారేయకండి. క్యాసెట్టు కిటికీలోంచి తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టవద్దు. టేపు తెగుతుంది, హెడ్ పాడవుతుంది, ఆ బూజు తర్వాతి క్యాసెట్టుకూ అంటుతుంది. దాన్ని శుభ్రం చేయడం తెలిసినవాళ్ల చేతికే ఇవ్వాలి.

ఇదంతా ఒక్కో ఇల్లు విడిగా చేసుకోవడం భారమే. అందుకే దాదర్ ఆంధ్ర మహాసభ మొదలు వర్లీ, కామాఠీపురాల్లోని కుల, ఊరి సంఘాల దాకా అందరికీ ఒక విన్నపం. బాగుచేసిన వీసీఆర్ ఒకటి, కంప్యూటరుకు ఎక్కించే పరికరం ఒకటి, పని నేర్చిన కుర్రాడు ఒకడు ఉంటే ఆదివారాల్లో సంఘం గదిలోనే ఈ పని సాగుతుంది. ఒక వార్షికోత్సవానికి వేసే పందిరి ఖర్చులో కొంత భాగం చాలు. కూల్చివేత నోటీసు వచ్చే దాకా ఆగకుండా ఈ ఏడాదే మొదలుపెట్టండి.