ఆవిడది గర్వమా?

మొన్న వేసవిలో అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఐదు నెలలున్నాను. పసివాడికి స్నానం, అమ్మాయికి పథ్యం అయ్యాక మధ్యాహ్నాలు ఓ పట్టాన గడిచేవి కావు. అదే అపార్టుమెంట్లలో నాలాగే కూతుళ్ళకో కోడళ్ళకో పురుడు పొయ్యడానికి వచ్చిన తెలుగువాళ్ళం నలుగురం మా ఇంట్లో పోగయ్యేవాళ్ళం. ఒకరోజు మా అల్లుడు ఫోనులో పాత రేడియో కార్యక్రమం ఒకటి పెట్టి, "అత్తయ్యగారూ, ఇద్దరు ఆడవాళ్ళు రెండు పియానోల ముందు కూర్చుని మాట్లాడుకుంటారు, వినండి" అని ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

అది 1978లో రికార్డు చేసిన ఇంటర్వ్యూ. అడిగే ఆవిడ మరియన్ మెక్‌పార్ట్‌లాండ్. ఇంగ్లండులో పుట్టి అమెరికా వచ్చి స్థిరపడిన పియానో విద్వాంసురాలు. చెప్పే ఆవిడ మేరీ లూ విలియమ్స్. నల్లజాతి స్త్రీ. అప్పటికి ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. జాజ్ సంగీతంలో మహామహుల పేర్లు చెప్పేటప్పుడు తప్పకుండా చెప్పే పేరట. జాజ్ అంటే అమెరికాలో నల్లవాళ్ళు పుట్టించిన సంగీతం. రాసుకున్నది రాసుకున్నట్టు వాయించడం కన్నా, మన రాగాలాపనలాగా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోవడం అందులో ఎక్కువ. అంతవరకే నాకు తెలుసు.

మాకు వాళ్ళ ఇంగ్లీషు సగం అర్థమైంది. మిగతా సగం పక్క వాటా అమ్మాయి ఆపి ఆపి చెప్పింది. మొదట్లో మేరీ లూ ముక్తసరిగా మాట్లాడుతుంది. ఏది జాజో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వాయించి మరీ చూపిస్తుంది. "నాదేముందండీ, అంతా పెద్దల ఆశీర్వాదం" లాంటి మాటలు ఆవిడ నోట రావు.

వినడం అయ్యాక గుంటూరావిడ మొదట అన్న మాట: "అబ్బో, ఎంత గర్వమండీ ఆవిడకి! ఆ తెల్లావిడ చూడండి, ఎంత మర్యాదగా అడుగుతోందో." మా వియ్యపురాలు కూడా, "నిజమే వదినగారూ, విద్యకి వినయం ఉండాలి కదా" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. కరీంనగర్ నుంచి వచ్చిన పిన్నిగారు మాత్రం అందుకున్నారు. "గదేందమ్మా! చేసిన పని చేసినట్టు చెప్పుకుంటే గర్వమైతదా? మొగోడు చెప్తే గట్లనే అంటరా?"

అక్కడ పడింది నాకు.

ఆ రాత్రి అల్లుణ్ణి అడిగి ఆవిడ సంగతులు తెలుసుకున్నాను. 1910లో పుట్టిన పిల్ల. చిన్నతనంలోనే పిట్స్‌బర్గ్ ఊళ్ళో ఇరుగుపొరుగు ఇళ్ళలో పియానో వాయించి డబ్బులు తెచ్చేది. పెళ్ళాడింది శాక్సోఫోను వాయించే ఆయన్ని. ఆయన పనిచేసే ఆండీ కర్క్ బ్యాండులో ఈవిడ మొదట వాయిద్యగాడి పెళ్ళాం మాత్రమే. పియానో వాయించే మనిషి రాని రోజున పిలిచారు. అలా మొదలై, ఆ బ్యాండుకి పాటలు కట్టిందీ, ఏ వాయిద్యం ఎక్కడ అందుకోవాలో రాసిపెట్టిందీ ఆవిడే. 1930లో షికాగోలో ఒంటరిగా వాయించి రికార్డులిస్తే, వాటికి తన చేతికి డబ్బు ముట్టలేదని తర్వాత చెప్పుకుంది. బెన్నీ గుడ్‌మన్‌కీ, డ్యూక్ ఎల్లింగ్టన్‌కీ కూడా పని చేసిపెట్టింది. 1940లలో హార్లెంలో ఆవిడ ఇల్లు కుర్ర సంగీతగాళ్ళకి చావడి. తెలోనియస్ మంక్, బడ్ పవెల్ లాంటివాళ్ళు ఆ ఇంట్లో ఆవిడ పియానో దగ్గర చేరి కొత్త బాణీలు చూసుకున్నవాళ్ళే. తర్వాత్తర్వాత లోకం వాళ్ళని మేధావులంది. 1954లో పారిస్‌లో ఉండగా అన్నీ విసుగెత్తి వాయించడం మానేసింది. దైవచింతనలో పడింది. మళ్ళీ 1957లో వేదికెక్కింది. చితికిపోయిన సంగీతకారుల కోసం పాత బట్టల దుకాణం కూడా నడిపింది.

ఇంత చేసిన మనిషికి జనం ఇచ్చిన కితాబు ఏమిటో తెలుసా? "మగవాడిలా వాయిస్తుంది" అని! మనమూ అంతేగా. కుటుంబాన్ని నిలబెట్టిన ఆడపిల్లని "ఇంటికి మగపిల్లాడిలా ఆదుకుంది" అంటాం. ఆ మాటలో మెప్పెంతో, తీసేయడమెంతో మనకి పట్టదు.

ఇంటర్వ్యూ ఇచ్చేనాటికి ఆవిడ డ్యూక్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్తోంది. 1977లో చేరింది. మేం గర్వమనుకున్నది టీచరు గొంతు. తరగతిలో టీచరు "నాదేముంది" అంటూ పాఠం చెప్తుందా?

ఇక ఆ తెల్లావిడ సంగతి. ఆవిడ మర్యాద మాకందరికీ నచ్చింది సరే. కానీ ఆవిడకి మాత్రం దారి పూలపాన్పా? నువ్వు ఇంగ్లీషు మనిషివి, తెల్లదానివి, పైగా ఆడదానివి, జాజ్‌లో ఎలా నెగ్గుకొస్తావు అని ఒక విమర్శకుడు అచ్చులోనే అన్నాడట. 1958లో హార్లెంలో ఒక ఇంటి మెట్ల ముందు యాభై ఏడుగురు జాజ్ సంగీతకారుల్ని నిలబెట్టి తీసిన ఫొటో ఒకటుంది. మా అల్లుడి గదిలో గోడకి ఉంది. అందులో ఆడవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురిలో వీళ్ళిద్దరూ పక్కపక్కనే ఉన్నారు. అంటే 1978లో మైకు ముందు కలిసింది రేడియో వ్యాఖ్యాతా అతిథీ కాదు. ఒకే పని చేసే ఇద్దరు, అదే పనిలో నలిగినవాళ్ళు.

అందుకేనేమో ఆ ప్రశ్నలు అలా ఉన్నాయి. "పెళ్ళి గురించీ పిల్లల గురించీ అడగలేదేమండీ" అని గుంటూరావిడ ఆశ్చర్యపోయింది. ఆవిడకి రెండు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు లేరు. ఆ వివరాలు తెలిస్తే ఆ సంగీతం ఇంకాస్త బాగా వినపడుతుందా? మన ఆడవాళ్ళ పేజీల్లో కూడా గాయనిని పట్టుకుని "మీరు వంట చేస్తారా, మీవారు సహకరిస్తారా" అని అడగందే ముచ్చట పూర్తి కాదు. (ఈ మాట కూడా అలాంటి పేజీలోనే రాస్తున్నాననుకోండి!) అడగొద్దనను. ఆ ప్రశ్నతో మొదలెట్టి ఆ ప్రశ్నతోనే ముగించొద్దంటాను.

ఇదంతా నన్నెందుకింత పట్టుకుందో చెప్పాలి. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు ఇంట్లో వీణ నేర్పింది. మా నలుగురి కాలేజీ ఫీజులూ ఆ డబ్బులే. మా తమ్ముడు కొత్తగా టేప్ రికార్డరు కొన్న రోజుల్లో సరదాగా అమ్మని ఇంటర్వ్యూ చేశాడు. ఎంతమందికి నేర్పావమ్మా అంటే, "ఏదోలే నాన్నా, పొద్దుపోక" అంది. వెనకనుంచి నాన్నగారు, "వీణ వల్ల మనసుకి ప్రశాంతత, అందుకని ఒప్పుకున్నాను" అని అందుకున్నారు. అందరం నవ్వుకున్నాం. ఎంత అణకువ మా అమ్మది అని ఎన్నాళ్ళో చెప్పుకున్నాను కూడా. పొద్దుపోవడానికట! తెల్లవారుజామున నాలుగింటికి లేస్తే రాత్రి పదింటిదాకా నడుం వాల్చని మనిషికి పొద్దుపోకపోవడమేమిటి? అమ్మ అబద్ధం చెప్పింది. మేం ఆ అబద్ధాన్ని మెచ్చుకున్నాం. మేరీ లూ నిజం చెప్తే గర్వమన్నాం.

ఇంటికొచ్చాక తమ్ముడింటి అటక దింపించాను. క్యాసెట్టుకి బూజు పట్టింది గానీ తిరుగుతోంది. ఈసారి ఇంకోటి వినపడింది. నాన్నగారు మాట్లాడుతుండగా పక్కగదిలో ఎవరో పిల్ల సరళీ స్వరాలు తప్పు వాయిస్తుంది. అమ్మ ఆయన మాట మధ్యలోనే "మళ్ళీ వాయించు" అంటుంది. "దయచేసి" లేదు, "ఏదోలే" లేదు. అచ్చం ఆవిడ గొంతే.

మేరీ లూ 1981లో పోయింది. ఆవిడ కాగితాలూ టేపులూ నువార్క్‌లో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళ జాజ్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయట. ఎడిసన్‌కి పెద్ద దూరమేం కాదు. వెళ్దామనుకున్నాం, పసివాడితో కుదరలేదు. మా అమ్మవి ఎక్కడున్నాయి అంటే ఈ అరవై నిమిషాల క్యాసెట్టులో ఉన్నాయి. అందులోనూ సగం నాన్నగారి మాటలే.

కరీంనగర్ పిన్నిగారు మొన్న ఫోను చేశారు. ఆవిడ నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి. "ఆ పియానోలామె మాటలు మా కోడలికి పంపు" అన్నారు. పంపాను. "మీవి కూడా రికార్డు చేయించండి పిన్నిగారూ" అంటే, "నాదేముంది బిడ్డా..." అనబోయి ఆగి, పకపకా నవ్వారు.