కెమెరా మార్చవలెనా?

గడచిన సంవత్సరపు మన వార్షిక సంచికలో క్రీడా విభాగపు పుటలను తిరగవేసిన వారికి ఒక లోపం కనబడి ఉంటుంది. బాలుర వాలీబాల్ జట్టు ఫోటో ఉన్నది. పరుగుపందెంలో గెలిచిన వారి ఫోటోలు ఉన్నవి. కాని కళాశాలల మధ్య జరిగిన పోటీలో విజయం సాధించిన మన బాలికల కబడ్డీ జట్టు ఆడుతుండగా తీసిన ఫోటో ఒక్కటి కూడా లేదు. ఆ ఫైనలు సాయంకాలం ఏడు గంటలకు ఇండోర్ హాలులో, ట్యూబులైట్ల వెలుతురులో జరిగినది. ఆనాడు మన కళాశాల కెమెరాతో రెండు వందలకు పైగా ఫోటోలు తీశారు. అచ్చుకు పనికివచ్చినది మాత్రం ఆట ముగిసిన పిమ్మట కప్పు పట్టుకొని నిలబడిన ఫోటో ఒక్కటే.

సంచిక వెలువడిన తరువాత ఆ జట్టులోని ఒక బాలిక తల్లి మా వద్దకు వచ్చారు. కుట్టుపని విడిచి ఆనాడు ఆట చూడటానికి రాలేకపోయారట. "సార్, మా పిల్ల ఆడేటప్పటి ఫోటో ఒక్కటి ఇప్పించండి" అని అడిగారు. ఉన్న ఫోటోలను కంప్యూటరు మీద చూపినాము. ఏ ఫోటోలోను ముఖం తెలియలేదు. చొక్కా మీది అంకెను బట్టి ఆమె తన బిడ్డను గుర్తించారు. ఆ తల్లికి మేము చెప్పగలిగిన సమాధానం ఆనాడు ఏమీ లేకపోయినది.

ఫోటోగ్రఫీలో అభిరుచి గల విద్యార్థులు దీనికి తమ సమాధానం చెప్పినారు. మన కెమెరా తయారీ సంస్థదే లోపమని, ఉన్న సామగ్రి అంతా అమ్మివేసి మరొక సంస్థ కెమెరాకు మారవలెనని కమిటీకి విజ్ఞప్తి పత్రం సమర్పించినారు. కెమెరా మా అధీనంలో ఉన్నది గనుక కమిటీవారు మా అభిప్రాయం కోరినారు. విద్యార్థుల నుండి వసూలైన రుసుము నుండి వ్యయం కావలసిన సొమ్ము గనుక, ఆ అభిప్రాయాన్ని అందరి ఎదుట చెప్పుటే న్యాయమని భావించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తక్కువ వెలుతురులో ఆటను ఫోటో తీయటం ఎందుకు కష్టమో ముందు తెలుసుకొనవలెను. ఫోటోకు అందే వెలుతురును నిర్ణయించేవి రెండు: షట్టరు ఎంతసేపు తెరచి ఉన్నది, లెన్సు ద్వారం ఎంత పెద్దది. ఐ.ఎస్.ఓ. అనే మూడవ అంశం వెలుతురును పెంచదు. అందిన కొద్దిపాటి సంకేతాన్ని హెచ్చుచేసి చూపుతుంది. అలా హెచ్చించినప్పుడు ఫోటో మీద ఇసుక చల్లినట్లు మచ్చలు కనబడతాయి. ఆటగాడు కదలిపోకుండా పట్టుకొనవలెనంటే షట్టరు అతి స్వల్పకాలం మాత్రమే తెరచి ఉండవలెను. కాని అప్పుడు వెలుతురు చాలదు. ఇదియే చిక్కు.

అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ కొట్టిన బ్యాడ్మింటన్ స్మాష్ వేగం 2023లో గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్ రికార్డులకెక్కినది. ఆ వేగంతో పోయే షటిల్ సెకనులో వెయ్యవ వంతు కాలంలోనే దాదాపు 16 సెంటీమీటర్లు కదలిపోతుంది. మన కబడ్డీ అంత వేగమైనది కాదు. అయినను, సెకనుకు 5 మీటర్ల వేగంతో సాగిన చేయి 1/60 సెకను షట్టరులో 8 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. ఆ చేయి ఫోటోలో పొగవలె కనబడక తప్పదు. 1/250లో 2 సెంటీమీటర్లు, 1/1000లో అర సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది.

ఇప్పుడు ఆనాటి ఫోటోల వివరాలు చూతము. కెమెరాతో పాటు వచ్చిన సాధారణ జూమ్ లెన్సును పూర్తిగా ముందుకు సాచి వాడినారు. ఆ స్థితిలో దాని ద్వారం ఎఫ్ 5.6కు మించి తెరచుకోదు. ఐ.ఎస్.ఓ. 1600. షట్టరు 1/60. ఈ అంకెలు చూచిన మీదట మాకు సిగ్గు కలిగినది. ఐ.ఎస్.ఓ. 1600కు మించరాదని కెమెరాలో హద్దు పెట్టినది మేమే. మచ్చలు పడతాయనే భయంతో రెండేళ్ల క్రితం అలా అమర్చి మరచిపోయినాము. ఫోటోలు తీసిన విద్యార్థి దోషం ఇందులో లేదు. ఆడలేక మద్దెల ఓడు అని తెలుగువారు అంటారు. నాచ్ న జానే ఆంగన్ టేఢా అని ఉర్దూ మాట. ఈ రెండు సామెతలూ ముందు మాకే వర్తిస్తాయి.

ఆ హద్దును 6400కు జరిపి ఉంటే అదే కెమెరాతో, అదే లెన్సుతో షట్టరు 1/250 వచ్చి ఉండేది. మచ్చలు పడిన మాట నిజమే. కాని మచ్చలను తగ్గించే మంచి సాఫ్టువేరు నేడు ఉన్నది. కదలిపోయిన ముఖాన్ని తిరిగి నిజముగా తెచ్చి ఇచ్చే సాధనం లేదు. ఇక ఎఫ్ 5.6 లెన్సు స్థానంలో ఎఫ్ 2.8 లెన్సు ఉంటే వెలుతురు నాలుగు రెట్లు. అప్పుడు షట్టరు 1/1000కు చేరేది. అంటే తయారీ సంస్థ పేరు మారకుండానే 8 సెంటీమీటర్ల పొగ అర సెంటీమీటరుకు దిగివచ్చేది.

మరొక వాదం కలదు. పెద్ద సెన్సరు గల కెమెరా కొంటే సమస్య తీరదా అని విద్యార్థుల ప్రశ్న. ఇది సహేతుకమైన ప్రశ్న. ఫుల్ ఫ్రేమ్ సెన్సరు కొలత 36 × 24 మిల్లీమీటర్లు. మన కెమెరాలోని సెన్సరు సుమారు 23.5 × 15.6. వైశాల్యంలో పెద్దది దాదాపు 2.4 రెట్లు, మొత్తం మీద దానికి అందే వెలుతురు కూడ ఆ మేరకు ఎక్కువే. కాని ఇది సెన్సరు పరిమాణం వలన కలిగే లాభం, సంస్థ పేరు వలన కలిగేది కాదు. ఒకే కాలపు, ఒకే పరిమాణపు సెన్సర్లలో ఒక సంస్థకు మరొక సంస్థకు ఉండే భేదం దీని ముందు స్వల్పం. లెన్సు మార్చితే నాలుగు రెట్లు లభించే చోట, పేరు మార్చి స్వల్ప లాభానికి అంతటినీ అమ్ముకొనుట వివేకమనిపించుకొనదు.

అయితే సంస్థను మార్చిన వారందరూ అవివేకులా? కారు. 1987లో కెనాన్ సంస్థ తన పాత ఎఫ్‌డి లెన్సు బిగింపును విడిచి, లెన్సులోనే మోటారు ఉండే ఈఓఎస్ పద్ధతిని ప్రవేశపెట్టినది. పాత లెన్సులు కొనుక్కున్న వారికి అది పెద్ద దెబ్బ. 1959 నాటి తన ఎఫ్ బిగింపును నికాన్ విడువలేదు. అయినను కెనాన్ కొత్త పద్ధతిలో ఫోకస్ వేగం చూచి ఎందరో క్రీడా ఫోటోగ్రాఫర్లు అటు మారినారు. 2007లో నికాన్ డి3 వచ్చి తక్కువ వెలుతురులో అద్భుతంగా పనిచేయగా కొందరు ఇటు మరలినారు. 2017లో సోనీ ఆల్ఫా 9 సెకనుకు 20 ఫోటోలు, అదియు చప్పుడు లేకుండా, తీయసాగినది. 2020లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన ఫోటోగ్రాఫర్లకు సోనీ పరికరాలను ఎన్నుకొన్నది. ఈ చరిత్ర నుండి మేము గ్రహించినవి రెండు. మొదటిది, ఆధిక్యం ఏ ఒక్కరి వద్దను స్థిరంగా నిలువలేదు. రెండవది, మారిన వారు తమ చేతిలోని సాధనాన్ని దాని హద్దు వరకు వాడి, అది చాలని చోటు తెలిసికొని మారినారు. మనము ఆ హద్దును ఇంకను చూడనే లేదు.

మార్పిడి ఖర్చు కూడ కెమెరా ఒక్కదానితో తీరేది కాదు. ఒక సంస్థ లెన్సు మరొక సంస్థ కెమెరాకు నేరుగా బిగియదు. ఫ్లాషు, బ్యాటరీలు, ఛార్జర్లు అన్నీ కొత్తవి కావలెను. అమ్మబోయిన పాత సామగ్రికి వచ్చేది కొన్న ధరలో కొద్ది భాగమే. అదే సంస్థలో ఉండి అద్దం లేని కొత్త తరం కెమెరాకు మారినచో, మధ్యన ఒక అడాప్టరు బిగించి పాత లెన్సులలో అనేకం వాడుకొనవచ్చును. నికాన్, కెనాన్ రెండును 2018లో ఇట్టి సదుపాయంతోనే కొత్త కెమెరాలు తెచ్చినవి. అయితే కెమెరాలోని మోటారు మీద ఆధారపడిన పాత నికాన్ లెన్సులకు ఆ అడాప్టరుతో ఫోకస్ తనంతట తాను కుదరదు. కొనే ముందు ఇట్టివి విచారించవలెను. పొరుగింటి పుల్లకూర రుచిగా తోచుట సహజమే. కాని పొరుగింటి పొయ్యి, పాత్రలు కూడ కొనవలసి వచ్చినప్పుడు ఆ రుచి వెల ఎంతో లెక్క వేయవలెను.

కొత్త కెమెరాలు ఆటగాని కన్నును గుర్తించి వెంబడించే శక్తి గలవని విద్యార్థులు చెప్పినది యథార్థం. మన పాత కెమెరా మసక వెలుతురులో ఫోకస్‌కు తడుముకొనుట కూడ యథార్థమే. లెన్సు ద్వారం పెద్దదైనకొద్దీ ఫోకస్‌కు అందే వెలుతురు పెరిగి ఆ తడబాటు కొంత తగ్గుతుంది. అప్పటికిని తీరకపోతే విద్యార్థుల పక్షాన కమిటీ ముందు మేమే వాదింపగలము.

కమిటీవారికి మరొక మనవి. ఆ హాలు దీపాల మాట ఏమి? మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది గనుక పాత చోకుల ట్యూబులైట్లు సెకనుకు 100 మారులు హెచ్చుతగ్గులకు లోనవుతాయి. కంటికి తెలియని ఈ మిణుకు వేగమైన షట్టరుకు తెలుస్తుంది. వరుసగా తీసిన ఫోటోలలో ఒకటి వెలుగుగా, ఒకటి చీకటిగా వస్తుంది. మిణుకు లేని మంచి దీపాలు అమర్చి వెలుతురును రెట్టింపు చేసినచో షట్టరు వేగమును రెట్టింపు చేయవచ్చును. అంతకంటె ముఖ్యం, ఆ వెలుతురు ఆడేవారికి ఉపకరిస్తుంది. లెన్సు ఫోటో తీసేవానికి మాత్రమే. దీపం హాలులోని ప్రతి పిల్లకూ.

కావున మా అభిప్రాయం ఇది. ఈ సంవత్సరం సంస్థను మార్చవద్దు. మన కెమెరాకు సరిపోయే 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి, సెకండ్ హ్యాండ్‌దైనను సరే, కొనవలెను. ఎఫ్ 5.6తో పోల్చినచో అది తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు ఇస్తుంది. పెద్ద ఎఫ్ 2.8 జూమ్ లెన్సు కంటె చాల చవుక. మిగిలిన సొమ్ము హాలు దీపాలకు వినియోగించవలెను. విద్యార్థులు కోరిన సంస్థ కెమెరాను ఒకనాటికి అద్దెకు తెచ్చి, ఒకే ఆటను రెండింటితో పక్కపక్కన తీసి చూడవలెను. మన కెమెరా అప్పటికిని ఓడిపోతే, లేక దానికి తగిన లెన్సు అందుబాటులో లేదని తేలితే, లేక మరమ్మతుకు వీలుకాని స్థితి వస్తే, అప్పుడు మార్పును మేమే ప్రతిపాదిస్తాము.

విద్యార్థులకు మేము చెప్పవలసినది ఒక్కటే. కబడ్డీలో కూతకు వెళ్లిన ఆటగత్తె మధ్యగీత వైపు ఎప్పుడు మరలుతుందో, ఎగిరినవారు గాలిలో ఏ క్షణాన నిలిచినట్లుంటారో ఆట తెలిసినవారికే తెలుస్తుంది. ఆ క్షణాన్ని ఏ సంస్థయు అమ్మదు. రోజూ సాయంకాలం అభ్యాస సమయాన హాలుకు వెళ్లి చూడండి.

ఐ.ఎస్.ఓ. హద్దును మేము ఇదివరకే తొలగించినాము. ఈ ఏడాది ఫైనలుకు రమ్మని ఆ తల్లిగారికి కబురు పంపినాము. పని వలన రాలేకపోవచ్చునని చెప్పారు. కనుక ఈ మారు ఆమె చేతికి ముఖం తెలిసే ఫోటో ఒక్కటి ఇవ్వవలసిన బాధ్యత మన అందరిపైనా ఉన్నది. విజ్ఞులైన కమిటీ సభ్యులు ఈ మాటను మనసున ఉంచుకొని నిర్ణయింతురు గాక.